టెక్ సందేహాలు: పాత విండోస్ మీద కొత్త సర్వర్ ఎక్కదెందుకు?

ప్రశ్న: మాది ఆదోని. పత్తి కమీషన్ దుకాణంలో లెక్కలు చూస్తాను. మా కంప్యూటర్‌లో విండోస్ 7 ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు కొత్త వెర్షన్ ఇచ్చి, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 ఎక్స్‌ప్రెస్ (బిల్లింగ్ డేటా దాచే డేటాబేస్ ప్రోగ్రామ్) వేసుకోమన్నారు. సెటప్ మొదలవగానే, ఈ ఆపరేటింగ్ సిస్టమ్ సరిపోదని చెప్పి ఆగిపోతోంది. కంపాటిబిలిటీ మోడ్ పెట్టినా అంతే. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) వెర్షన్ నంబరు మారిస్తే ఎక్కుతుందని ఓ వీడియోలో చూశాను. చేయమంటారా?

జవాబు: వద్దండీ. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019కి కనీసం విండోస్ 10 కావాలి, సర్వర్ రకం విండోస్ అయితే విండోస్ సర్వర్ 2016. కంపాటిబిలిటీ మోడ్ అయినా, ఆ రిజిస్ట్రీ చిట్కా అయినా చేసేది ఒక్కటే, ఇది వేరే విండోస్ అని సెటప్‌ను నమ్మించడం. సెటప్ నమ్మినా, డేటాబేస్ ఇంజిన్ నడవడానికి కావలసినవి విండోస్ 7లో లేవు. సగం ఫైళ్లు పడి, సర్వీసు స్టార్ట్ కాకుండా నిలిచిపోతే తీసేయడం కూడా తలనొప్పే. పాత బిల్లింగ్ నడుస్తున్నది ఆ మెషిన్‌లోనే కాబట్టి దానికీ ఎసరు వస్తుంది.

ముందు మీ విండోస్ 32 బిట్టా, 64 బిట్టా చూడండి. 'కంప్యూటర్' మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే 'సిస్టమ్ టైప్' అన్నచోట ఉంటుంది. 2016 నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్ 64 బిట్‌కే వస్తోంది. 32 బిట్‌కు వచ్చిన ఆఖరి వెర్షన్ 2014. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 మీద అధికారికంగా నడిచే ఆఖరిదీ అదే. పత్తి సీజన్ నడుమ మెషిన్ మార్చలేమంటే, మీ సాఫ్ట్‌వేర్ 2014 ఎక్స్‌ప్రెస్‌తో నడుస్తుందా అని బిల్లింగ్ వాళ్లను అడగండి. నడుస్తుందంటే సీజన్ అయ్యేదాకా దాంతోనే నెట్టుకురండి. అందులో ఒక్కో డేటాబేస్ 10 జీబీ వరకు పెరగొచ్చు, మీ లెక్కలకు ధారాళంగా సరిపోతుంది. అయితే ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేయాలి. విండోస్ 7కు మామూలు మద్దతు 2020 జనవరి 14తో, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014కు 2024 జూలై 9తో అయిపోయింది. రైతుల బకాయిలు, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్న మెషిన్‌ను ప్యాచ్‌లు రాని స్థితిలో నెట్‌కు తగిలించి ఉంచడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

ఇంకో సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. పాత సర్వర్‌లో తీసిన బ్యాకప్ కొత్తదాంట్లో ఎక్కుతుంది. కొత్తదాంట్లో తీసింది పాతదాంట్లో ఎక్కదు. తెలిసిన కుర్రాడెవరైనా మీ అసలు డేటా ఫైల్‌ను తన ల్యాప్‌టాప్‌లోని 2022 వెర్షన్‌కు అటాచ్ చేశాడంటే, ఆ ఫైల్ కొత్త వెర్షన్‌కు మారిపోతుంది, మళ్లీ మీ 2014లో తెరుచుకోదు. ఎవరు అడిగినా అసలు ఫైల్ ఇవ్వకండి, బ్యాకప్ కాపీ ఇవ్వండి. ఏ ప్రయత్నం చేసేముందైనా ఆ బ్యాకప్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి వేరే కంప్యూటర్‌లో ఉండాలి.

సీజన్ అయ్యాక మాత్రం మెషిన్ మార్చండి. విండోస్ 10కూ 2025 అక్టోబరు 14తో గడువు తీరింది కనుక నేరుగా విండోస్ 11 ఉన్నదే తీసుకోండి. విండోస్ 7 కాలం నాటి ప్రాసెసర్లు విండోస్ 11 జాబితాలో లేవు. పాత డబ్బాకు ర్యామ్ వేయించి సరిపెట్టుకుందామని ఖర్చు చేయకండి.

ప్రశ్న: కడపలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ల్యాబ్‌లోని సెంట్‌ఓఎస్ 7 (లైనక్స్‌లో ఒక రకం) మెషిన్‌లో యమ్ (ప్రోగ్రామ్‌లు దించి వేసే కమాండ్) ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా 'కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్' అంటోంది. కాలేజీ నెట్ బాగానే ఉంది. నోడ్ 18 (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్) విడిగా డౌన్‌లోడ్ చేసి నడిపితే జీలిబ్‌సి 2.28 (లైనక్స్ ప్రోగ్రామ్‌లు వాడుకునే మూల లైబ్రరీ) లేదంటోంది. జీలిబ్‌సి కొత్తది వేసేస్తే సరిపోతుందా?

జవాబు: మొదటిది నెట్ తప్పు కాదు. సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో మద్దతు ఆగింది. యమ్ వెతికే మిర్రర్‌లిస్ట్ చిరునామా ఇప్పుడు లేదు, ప్యాకేజీలన్నీ వాల్ట్ అనే పాత నిల్వల సర్వర్‌కు మారాయి. యమ్ రెపో ఫైళ్లలో మిర్రర్‌లిస్ట్ వరసకు ముందు హ్యాష్ గుర్తు పెట్టి, బేస్‌యూఆర్‌ఎల్ వరసకున్న హ్యాష్ తీసేసి, అందులో మిర్రర్ అన్నచోట వాల్ట్ అని మారిస్తే యమ్ మళ్లీ పలుకుతుంది.

రెండోదాని జోలికి మాత్రం పోవద్దు. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది జీలిబ్‌సి 2.17. మీరు టైప్ చేసే ఎల్‌ఎస్ నుంచి బ్యాష్ దాకా దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీదే నిలబడి ఉంది. ఇంటి పునాది రాళ్లు ఊడబెరికి కొత్తవి దూర్చినట్టే అవుతుంది. చేతితో మార్చబోయి మధ్యలో తేడా వస్తే కనీసం లాగిన్ కూడా కాలేరు. ల్యాబ్ మెషిన్ కాబట్టి మిగతా వాళ్ల పనీ ఆగుతుంది. నోడ్ 16 ఆ పాత జీలిబ్‌సితోనే నడుస్తుంది, రేపే డెమో ఉంటే దాంతో గట్టెక్కండి. వారం వ్యవధి ఉంటే మీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి ఆల్మాలైనక్స్ 9 (సెంట్‌ఓఎస్ లాంటి మరో లైనక్స్) పెట్టుకోండి. అందులో జీలిబ్‌సి 2.34 ఉంది, 2032 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, కమాండ్లు మీకు అలవాటైనవే. నేనైతే ఇదే చేయమంటాను.

ప్రశ్న: అనంతపురంలో మందుల దుకాణం నడుపుతున్నాను. కొత్త ల్యాప్‌టాప్, విండోస్ 11. అయినా ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 చివరిదాకా వచ్చి 'డేటాబేస్ ఇంజిన్ రికవరీ హ్యాండిల్' అన్న ఎర్రర్‌తో ఫెయిలవుతోంది.

జవాబు: మీ విండోస్‌లో తప్పు లేదు, అనుమానం కొత్త ఎస్‌ఎస్‌డీ మీద. ఎస్‌క్యూఎల్ సర్వర్ 512 బైట్లు, 4 కేబీ సెక్టార్లనే (డిస్కులో డేటా రాసే ముక్కలనే) ఒప్పుకుంటుంది. కొన్ని ఎన్‌వీఎంఈ డిస్కులు అంతకంటే పెద్ద సైజు చెబుతాయి, విండోస్ 11 దాన్ని ఉన్నదున్నట్టు సర్వర్‌కు అందిస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'ఎఫ్ఎస్‌యుటిల్ ఎఫ్ఎస్‌ఇన్ఫో సెక్టార్‌ఇన్ఫో సి:' అని ఇంగ్లిష్‌లో కొట్టండి. ఫిజికల్ బైట్స్ పర్ సెక్టార్ అన్న వరసల్లో 4096 దాటి 8192, 16384 లాంటి అంకె కనిపిస్తే కారణం దొరికినట్టే. మైక్రోసాఫ్టే చెప్పిన మందు దీనికి ఉంది. రిజిస్ట్రీలో స్టోర్‌ఎన్‌వీఎంఈ సర్వీసు కింద పారామీటర్స్, అందులో డివైస్ కీ దగ్గర 'ఫోర్స్‌డ్ ఫిజికల్ సెక్టార్ సైజ్ ఇన్ బైట్స్' అనే మల్టీ స్ట్రింగ్ విలువను ఖాళీలు లేకుండా ఒకే పదంగా సృష్టించి, నక్షత్రం గుర్తు, ఒక ఖాళీ, 4095 అని ఇవ్వాలి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ఫెయిలైన ఇన్‌స్టాన్స్‌ను కంట్రోల్ ప్యానెల్‌లోంచి తీసేసి, సెటప్ మొదటి నుంచి నడపండి. అంకె 4096 లేక 512 ఉంటే రిజిస్ట్రీ ముట్టుకోకండి. సెటప్ బూట్‌స్ట్రాప్ ఫోల్డర్‌లోని లాగ్‌లో 'సమ్మరీ' అనే టెక్స్ట్ ఫైల్ ఉంటుంది, దాన్ని నాకు పంపండి, చూసి చెబుతాను.