పాత అంబాసిడర్ సీట్లు ఇంట్లోనే మార్చుకోవచ్చా? కవరు సంగతి తర్వాత, ముందు కింద ఏముందో చూడండి

తాతగారి 1986 అంబాసిడర్ సీట్లు చిరిగిపోయాయి, కూర్చుంటే స్ప్రింగులు గుచ్చుకుంటున్నాయి, ఇంట్లో కుట్టు మిషను ఉంది, మనమే చేసుకోవచ్చా అని అడిగారు కదా. నిక్షేపంగా చేసుకోవచ్చండి. మా మార్క్ 4 (అంబాసిడర్‌లోనే ఒక పాత మోడల్) సీట్లు మా పిన్నీ నేనూ కలిసి విజయవాడలో మా ఇంటి వరండాలోనే చేసుకున్నాం. అందులో తెలిసింది ఒక్కటే, అందరూ రెక్సిన్ రంగు గురించీ కుట్టు డిజైను గురించీ ఆలోచిస్తారు గానీ సీటు బాగుంటుందా లేదా అన్నది తేలేది రెక్సిన్ కింద.

మా బండి సీట్లు అంతకుముందు ఒకసారి షాపులో చేయించినవే. మేం విప్పి చూస్తే పాత ఆకుపచ్చ కవరు విప్పకుండానే దాని మీద సన్నటి ఫోము పరిచి కొత్త గోధుమరంగు కవరు లాగి బిగించేశారు. కింద కొబ్బరి పీచు పొడిపొడి అయిపోయి ఉంది, మధ్యలో స్ప్రింగుల కట్టు తెగి రెండు స్ప్రింగులు పక్కకి ఒరిగిపోయాయి. పైకి చూస్తే మాత్రం నిగనిగలాడుతూ ఉండేది. ఇంట్లో చేసుకుంటే లాభం డబ్బు ఒక్కటే కాదు, లోపల ఏముందో మన కళ్లతో చూసి సరిచేసుకుంటాం, నాకైతే అదే పెద్ద లాభం.

వెనక సీటు అడుగు భాగంతో మొదలుపెట్టండి, ముందు అంచు పట్టుకుని పైకి ఎత్తితే వచ్చేస్తుంది. ముందు సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి కాబట్టి ముందురోజు రాత్రే ఆయిల్ వేసి వదిలేయండి. విప్పే ముందు ప్రతి మూలా ఫోటో తీసుకోండి. మూతికి మాస్కు, చేతికి గ్లవుజులు తప్పనిసరి, పాత పీచులో ఎలుకలు గూడు పెట్టి ఉండటం మామూలే, ఆ దుమ్ము పీల్చకూడదు. క్లిప్పులూ రింగులూ ముక్కు పటకారుతో తీయండి, కవరు లోపలి అంచుల్లో దూర్చిన ఇనుప కమ్మీలు పారేయకండి, కొత్త కవరుకి అవే కావాలి.

పాత కవరుని చింపవద్దు. ప్రతి ముక్క మీదా సుద్దతో నంబరు వేసి, ఎటు ముందో బాణం గుర్తు పెట్టి, పక్క ముక్కతో ఎక్కడ కలుస్తుందో రెండు మూడు చోట్ల అడ్డగీతలు గీసి, ఆ తర్వాతే బ్లేడుతో కుట్లు విప్పండి. అవే మీ కొలతలు. అయితే ఒక మెలిక ఉంది, ఏళ్ల తరబడి కూర్చుని కూర్చుని మధ్య ముక్క సాగిపోయి ఉంటుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టు గీసి కత్తిరిస్తే కొత్త కవరు కూడా మొదటిరోజు నుంచే వదులుగా ఉంటుంది. ముక్కని నిలువుగా మధ్యకి మడిచి చూడండి, డ్రైవరు వైపు సగం ఎక్కువ సాగి ఉంటుంది, తక్కువ సాగిన సగాన్ని అట్ట మీద గీసుకుని రెండో వైపుకి అదే తిప్పి గీయండి. ఆ అట్టముక్కల్ని నేల మీద 54 అంగుళాల వెడల్పులో పేర్చితే రెక్సిన్ ఎన్ని మీటర్లు కావాలో తెలిసిపోతుంది. మొత్తం ఒకేసారి ఒకే రోల్ నుంచి కొనండి, తర్వాత వెళ్తే రంగు కొంచెం తేడా వస్తుంది. నల్లది వద్దు, మన ఎండలకి మే నెలలో కూర్చోలేం.

ఇక స్ప్రింగులు. వైరు బ్రష్‌తో తుప్పు గీకి, మళ్లీ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పెయింటు కొట్టండి. తెగిన కట్లన్నీ జీఐ తీగతో (జింకు పూత వేసిన ఇనుప తీగ) మళ్లీ కట్టి, తీగ కొసలు కిందికి వంచేయండి, లేకపోతే అవే రేపు గుచ్చుకుంటాయి. పూర్తిగా విరిగిన ఫ్రేమైతే బెంగపడకండి, ఈ బండి 1950ల చివరి నుంచి 2014 దాకా పెద్దగా రూపు మారకుండా తయారైంది కాబట్టి విజయవాడ ఆటోనగర్ లాంటి బండ్ల రిపేర్లూ పాత సామాన్లూ ఉండే చోట పాత బండ్ల ఫ్రేములు ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి. స్ప్రింగుల మీద నేరుగా ఫోము వేయకండి, స్ప్రింగు ఫోముని కోసుకుంటూ పైకి వచ్చేస్తుంది. ముందు గట్టి గోనెపట్టా పరిచి పురికొసతో స్ప్రింగులకి కుట్టేయాలి, దాని మీద పరుపుల షాపుల్లో దొరికే రబ్బరైజ్డ్ కాయిర్ (రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు) షీటు, ఆ పైన అంగుళం మందం 40 డెన్సిటీ ఫోము. పీచు తీసేసి మొత్తం ఫోమే వేసుకోమని చాలామంది చెప్తారు, నేను ఒప్పుకోను. పీచులో గాలి ఆడుతుంది, దూరప్రయాణంలో ఆ తేడా వీపుకి తెలుస్తుంది.

ఇంటి మిషను రెండు పొరల రెక్సిన్ కుట్టేస్తుంది, పైపింగ్ (అతుకుల వెంబడి అంచున వేసే గుండ్రటి పట్టీ) దగ్గర నాలుగు పొరలు వచ్చేసరికి మొరాయిస్తుంది. అక్కడ మోటారు, పెడలు వాడకుండా చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టే వేయాలి, మా పిన్ని అలాగే కుట్టింది. సూది 18 నంబరు, దారం నైలాన్ లేదా పాలియెస్టర్, నూలు దారం చెమటకి కుళ్లిపోతుంది. కుట్టు పెద్దదిగా పెట్టండి, చిన్న కుట్లు వేస్తే తపాలా బిళ్ల అంచులాగా చిల్లుల వెంబడి చిరుగుతుంది. రెక్సిన్‌కి గుండుసూదులు గుచ్చితే చిల్లులు అలాగే ఉండిపోతాయి, బట్టలు ఆరేసే క్లిప్పులు పెట్టుకోండి. మిషను పాదం అంటుకుంటుంటే కొంచెం పౌడర్ రాయండి. మరీ కష్టమైతే కత్తిరింపు మీరు చేసుకుని, కుట్టు మాత్రం సీటు పనివాళ్లకి ఇవ్వండి, అందులో తప్పేం లేదు.

బిగించే రోజు మంచి ఎండ ఉండాలి. కవరుని డాబా మీద అరగంట పరిచి ఉంచితే మెత్తబడి మాట వింటుంది. ఫోము మీద పల్చటి పాలిథిన్ కాగితం కప్పితే కవరు జారుతూ దిగుతుంది. ఒకరు మోకాలితో సీటుని అదిమి పట్టాలి, ఇంకొకరు లాగి క్లిప్పు పెట్టాలి. ముందు మధ్యలో ఒకటి, దానికి ఎదురు అంచున ఒకటి, అలా మధ్య నుంచి మూలలకి వెళ్లండి. ఒక వైపంతా బిగించేసి రెండో వైపుకి వస్తే కుట్లు వంకరపోతాయి. మిగిలిన ముడతలకి హెయిర్ డ్రయ్యర్ చాలు, ఇస్త్రీపెట్టె పెట్టారంటే రెక్సిన్ కరిగిపోతుంది.

ఇదంతా చదివి ఎవరైనా కొత్త కారు సీట్లు కూడా ఇలాగే విప్పేద్దాం అనుకుంటే దయచేసి ఆగండి, సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని మీద కవరు కుట్టు ప్రమాదంలో అక్కడే చిట్లేలా చేసి ఉంటుంది, దాని జోలికి మనం వెళ్లకూడదు. మీ అంబాసిడర్‌కి ఆ భయం లేదు. ముందు సీటు ఎక్కించాక మాత్రం పట్టాల బోల్టులన్నీ బిగిసాయో లేదో చూసి, సీటుని ముందుకీ వెనక్కీ జరిపి లాక్ గట్టిగా పడుతుందని నిర్ధారించుకున్నాకే బండి రోడ్డెక్కించండి. విప్పాక స్ప్రింగుల ఫోటో ఒకటి పెట్టండి, కట్టుకుంటే సరిపోతుందా, ఫ్రేమే మార్చాలా అన్నది చూసి చెప్తాను.