గడ్డి మైదానంలోనూ అడవిలోనూ సాలీళ్లు సేకరించి పోల్చాలి, ఎలా సిద్ధపడాలి?

పీజీ ప్రాజెక్టు కోసం ఒక గడ్డి మైదానం, దాన్ని ఆనుకుని ఉన్న అడవి, రెండిట్లోనూ సాలీళ్లు సేకరించి పోల్చాలనుకుంటున్నామని రాశారు. ఏ పనిముట్లు కావాలి, ఏ వేళలో వెళ్లాలి, ఎన్ని పట్టాలి అని అడిగారు. చాలా ఏళ్లుగా వాటి వెంట తిరుగుతున్నాను కాబట్టి నా అనుభవం మేరకు చెబుతాను.

పనిముట్ల కన్నా ముందు పోలిక గురించి ఆలోచించండి. గడ్డిలో స్వీప్ నెట్ (గడ్డి మీద అటూ ఇటూ ఊపి పట్టే గుడ్డ సంచి వల) తిప్పి, అడవిలో చేత్తో ఏరి, ఆ రెండు లెక్కలనూ పక్కపక్కన పెడితే వచ్చిన తేడా చోటు వల్లో, పట్టిన తీరు వల్లో ఎవరూ చెప్పలేరు. అందుకే నేను సమయాన్ని కొలతగా పెట్టుకుంటాను. 1991లో సాలీళ్ల శాస్త్రవేత్త కాడింగ్టన్, ఆయన సహచరులు ఉష్ణమండల అడవుల కోసం ప్రతిపాదించిన పద్ధతి ఇదే: ఒక మనిషి ఒక గంట వెతికితే అది ఒక శాంపిల్. మోకాలి నుంచి చేయి అందేంత ఎత్తు దాకా వెతకడం ఒక శాంపిల్, మోకాలి కింద నేలమీద వెతకడం ఇంకొకటి, కొమ్మలు దులపడం మరొకటి. మైదానంలో దులపడానికి కొమ్మలుండవు కాబట్టి ఆ గంటను స్వీప్ నెట్‌కు ఇవ్వండి, కానీ ఆ శాంపిళ్లను విడిగా లెక్కగట్టండి. పైన చూడటం, కింద చూడటం మాత్రం రెండు చోట్లా ఒకేలా, వీలైతే ఒకే మనుషులతో చేయించండి. ఒకరి కన్ను పట్టేది ఇంకొకరి కన్ను పట్టదు, ఆ తేడా మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటుంది.

మైదానానికి తెల్లవారుజామునే వెళ్లండి. మంచు ఆరకముందు సూర్యుడికి ఎదురుగా నిలబడి చూస్తే, పగలంతా కంటికి ఆనని గూళ్లన్నీ కనిపిస్తాయి. ఏది ఎంత ఎత్తులో కట్టిందో అప్పుడే రాసుకోవాలి. నెట్ మాత్రం అప్పుడే తిప్పకండి. తడి గుడ్డకు అంటుకుని చిన్న సాలీళ్లు నలిగిపోతాయి, కాళ్లు ఊడిపోతాయి. గడ్డి ఆరాక మొదలుపెట్టండి. నెట్‌లో ఎక్కువగా వచ్చేవి లింక్స్ స్పైడర్లు, క్రాబ్ స్పైడర్లు, జంపింగ్ స్పైడర్లు, చిన్న గుండ్రటి గూళ్లు కట్టేవి. పూల మీద క్రాబ్ స్పైడర్ ఉందో లేదో తెలుసుకోవడానికి నేను సాలీడు కోసం చూడను. దగ్గరికి వెళ్లినా కదలని తేనెటీగ కోసం చూస్తాను. చాలాసార్లు దాని కిందే సాలీడు ఉంటుంది. మడిచి దారంతో కుట్టినట్టున్న గడ్డి ఆకు కనబడితే వేళ్లతో విప్పకండి, ఫోర్సెప్స్ వాడండి. అందులో శాక్ స్పైడర్ (దారంతో సంచిలాంటి గూడు అల్లుకుని దాక్కునే సాలీడు) ఉండొచ్చు, వాటిలో కొన్ని కరిస్తే బాగా నొప్పి పెడుతుంది.

నెట్‌కు అంతగా దొరకనివి నేలమీద తిరిగే వోల్ఫ్ స్పైడర్లు. వాటికి రాత్రే వేళ. హెడ్‌ల్యాంప్ కాంతి మీ కళ్ల ఎత్తులోనే ఉండాలి, ఎందుకంటే వాటి కళ్లలోని అద్దం లాంటి పొర కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. టార్చ్ నడుము దగ్గర పట్టుకుంటే ఏమీ కనిపించదు, కణత పక్కన పెట్టుకుంటే మైదానమంతా మెరుపులే. మెరుపు వైపు నెమ్మదిగా నడుస్తూ, చూపు మరల్చకుండా, సీసాను పైనుంచి బోర్లించాలి. ఒక్కోసారి ఒకే చోట బోలెడు సన్నటి మెరుపులు కలిసి కనిపిస్తాయి, అది వీపు మీద పిల్లల్ని మోస్తున్న తల్లి. దాన్ని నేను పట్టను, మిమ్మల్నీ పట్టొద్దనే కోరుతున్నాను. గుడ్ల సంచి మోసేవాటి విషయంలోనూ అంతే. ఫొటో తీసి, నోట్స్ రాసుకుంటే చాలు.

అడవిలో వేగం తగ్గించండి. మైదానంలో నడుస్తూ వెతుకుతాం, అడవిలో నిలబడి వెతకాలి. ఒక చెట్టు దగ్గరే కాసేపు ఆగి, మొదలు చుట్టూ తిరుగుతూ బెరడును పక్కనుంచి చూడండి. వెనక రెండు తోకల్లా పొడుచుకొచ్చిన హెర్సీలియా అనే సాలీడు అచ్చం బెరడు రంగులోనే ఉంటుంది, కదిలితేనే తెలుస్తుంది. పొదలకైతే తెల్ల గొడుగు తిరగేసి కింద పట్టుకుని కొమ్మను కర్రతో కొట్టండి. రాలినవి పారిపోకముందే ఆస్పిరేటర్‌తో (చిన్న జీవులను గొట్టం ద్వారా సీసాలోకి లాగే పనిముట్టు) పీల్చుకోవాలి. రాలిన ఆకులను జల్లించి తెల్ల గుడ్డ మీద పరిచి ఊరికే కూర్చోండి. మొదట ఏమీ ఉన్నట్టు కనిపించదు, కాసేపటికి గుడ్డ మీద చుక్కలు నడవడం మొదలవుతుంది. ఈ పనికి ఓపిక చాలదని చాలామంది వదిలేస్తారు, కానీ అడవి జాబితాను మైదానం జాబితా నుంచి బాగా వేరు చేసేవి ఎక్కువగా ఇక్కడే దొరుకుతాయి. పడి ఉన్న దుంగను ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టుకుని మీ వైపు తిప్పండి, కింద పాముంటే దానికీ మీకూ మధ్య దుంగ అడ్డుంటుంది. చూశాక దుంగను ఉన్నట్టే పెట్టేయండి.

నెఫిలా అనే సాలీడు కట్టిన పెద్ద గుండ్రటి గూడు కనిపిస్తే ఆ సాలీడును పట్టే తొందర వద్దు. గూటి పై భాగంలో తిరిగే బుల్లి మగవాటిని, ఆ గూట్లోనే ఉంటూ తిండి దొంగిలించే ఆర్గిరోడెస్ అనే చిన్న సాలీళ్లను చూడండి. ఒక్క గూటి దగ్గర అరగంట కూర్చుంటే దక్కే సమాచారం సీసాలో వేస్తే దక్కదు.

ఇక ఎన్ని పట్టాలన్నది. జాతి పేరు తేల్చాలంటే ఎదిగినవే కావాలి. మగదానికి ముఖం దగ్గర చిన్న కాళ్లలా ఉండే పాల్ప్‌ల చివర ఉబ్బి ఉంటుంది, చాలా జాతుల్లో ఆడదానికి పొట్ట అడుగున గట్టి పలక ఉంటుంది. చేతి లెన్స్‌తో అక్కడికక్కడే చూడొచ్చు. స్వీప్ నెట్‌లో పడేవాటిలో పిల్లలే ఎక్కువ, వాటిని కుటుంబం వరకు గుర్తించి, లెక్క రాసి వదిలేయండి. పేరు తేలనివాటికి తాత్కాలికంగా ఒక నంబర్ ఇవ్వండి, బలవంతంగా పేరు పెట్టకండి. 2022 ఏప్రిల్‌లో ప్రపంచ సాలీళ్ల పట్టికలో 50,000వ జాతి చేరింది, అది బ్రెజిల్‌లో దొరికిన ఒక జంపింగ్ స్పైడర్. ఇంకా పేరు పెట్టనివి చాలా ఉన్నాయి, మీ సీసాలోనూ ఒకటి ఉండొచ్చు.

దాచడానికి 70 నుంచి 80 శాతం ఇథనాల్ సరిపోతుంది. డీఎన్‌ఏ తీయాలనుకుంటే 95 శాతం వాడి చల్లగా ఉంచాలి. ఒంట్లో నీటివల్ల ఇథనాల్ పలచబడుతుంది కాబట్టి మర్నాడు మార్చేయండి. ఆకుపచ్చ రంగు అందులో త్వరగా పోతుంది, కాబట్టి ప్రాణం ఉండగానే ఫొటో తీయండి. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి, పైన అతికించింది ఇథనాల్ తగిలి చెరిగిపోతుంది. తేదీ, చోటు, జీపీఎస్, ఏ మొక్క మీద, ఎంత ఎత్తులో, ఏ పద్ధతిలో, ఎవరు పట్టారు, ఇవన్నీ ఉండాలి. రాత్రి గదికి వచ్చాక రాద్దామనుకుంటే కచ్చితంగా కలిసిపోతాయి. ఒక సీసా నిండగానే లేబుల్ రాసి, ఆ తర్వాతే ఇంకోటి తెరవండి.

అటవీ శాఖ అనుమతి, భూమి యజమాని అనుమతి ముందే తీసుకోండి. పిట్‌ఫాల్ గ్లాసులు (నడిచే సాలీళ్లు పడేలా నేలలో అంచుదాకా పాతే గ్లాసులు) పెడితే పైన కప్పు వేయండి, చిన్న కప్పలు, బల్లులు పడకుండా జాలీ అమర్చండి. లోపల ప్రొపిలీన్ గ్లైకాల్ వాడండి, ఎథిలీన్ గ్లైకాల్ తాగిన జంతువులు చనిపోతాయి. ఎక్కడెక్కడ పెట్టారో మ్యాప్ గీసుకుని, తిరిగొచ్చే రోజు ప్రతి గ్లాసూ తీసి గుంట పూడ్చాకే బయల్దేరండి.