ఆ పందెగాడికి వచ్చింది ఆకలి కాదు

చిరంజీవికి,

నీ ఫ్రెంచి కథ అనువాదం అందింది. చదివించింది. కానీ ఆల్ప్స్ కొండ ఎక్కుతున్న సైకిల్ పందెగాడు "ఆకలితో అలమటించాడు" అన్న చోట కాగితాలు పక్కన పడేశాను. పొద్దున కడుపునిండా తిని బయలుదేరినవాడు మధ్యాహ్నానికే అలమటించడమేమిటి?

మూలంలో ఉన్న మాట ఫ్రాంగాల్. సాయంత్రం ఏదైనా నమలాలనిపించినా ఫ్రెంచివాళ్ళు అదే అంటారు, పుస్తకాల మీద యావ పుట్టినా అదే. సైకిల్ పందేల్లో మాత్రం అది హడలెత్తించే మాట. కండరాల్లో, కాలేయంలో ఒళ్ళు దాచుకున్న చక్కెర నిల్వ, గ్లైకోజన్, అడుగంటి రక్తంలో చక్కెర పడిపోతుంది. చల్లని చెమటలు, వేళ్ళ వణుకు, కళ్ళకు చీకట్లు. పెడల్ మీద పాదం ఉంటుంది, తొక్కే సత్తువ ఉండదు. 2013 టూర్ ద ఫ్రాన్స్‌లో, ఆల్ప్ దుయెజ్ కొండ మీద, పందెంలో అందరికన్నా ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీలో ఉన్న క్రిస్ ఫ్రూమ్‌కు జరిగింది ఇదే. సహచరుడు రిచీ పోర్ట్ జట్టు కారు దగ్గరికి వెళ్ళి చక్కెర జెల్ తెచ్చిచ్చాడు. చివరి కిలోమీటర్లలో ఆహారం అందుకోకూడదు. ఇద్దరికీ 20 సెకన్ల జరిమానా పడింది. జరిమానాకు వెరచి ఆగే స్థితి కాదది.

అసలు ఆ మాట గుర్రాల నుంచి వచ్చింది. పాత ఫ్రెంచిలో ఫాం-వాల్ అంటే గుర్రాల జబ్బు. దారిలో ఉన్నట్టుండి గుర్రం ఆగిపోతుంది, మేత అందేదాకా అడుగు వెయ్యదు.

ఇంత దగ్గరగా మనకు శోష ఉండగా అలమటింపు ఎందుకు? ఉపవాసం ఉన్నవాళ్ళకూ, ఎండలో నాట్లు వేసేవాళ్ళకూ తెలిసిన మాట అది. నా తొలి కథలో రాస్తే ఒక వారపత్రిక సంపాదకుడు కొట్టేసి "తీవ్రమైన నీరసం" అని వేశాడు. పాఠకులకు అర్థం కాదట! ఆ రోజుల్లో టీ నీళ్ళతో గడుపుతూ రాత్రంతా ప్రూఫులు దిద్దేవాణ్ణి. తెల్లవారుజామున లేచి నిలబడితే గోడ పట్టుకోవాల్సి వచ్చేది, చేతిలోని అక్షరాలు అలుక్కుపోయేవి. దాన్ని నీరసం అంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇక ఇప్పటి ఫ్యాషన్, పరాయి మాటను అలాగే ఉంచి అడుగున చిన్నక్షరాల్లో వివరణ ఇవ్వడం. కాళ్ళు ఆడని మనిషి పక్కన నిలబడాల్సిన పాఠకుణ్ణి పేజీ అడుగుకు తరిమేస్తారు.

ఆకలిని రాసేవాడు అది ఒంట్లో ఎక్కడ మొదలైందో ముందు చెప్పాలి. పేరు తర్వాత.

ప్రచురణకర్తల సంగతి అడిగావు. ఇప్పుడు కాదు. ముందు ఆ పేరా తిరగరాయి. జేబులో తినడానికి ఉన్నా దాని కాగితం విప్పలేని వేళ్ళను చూపించు, ఆ తర్వాతే శోష రానివ్వు. చివరి పేజీని మాత్రం ముట్టుకోకు.

ఆశీస్సులతో.