అప్‌డేట్ దిగేటప్పుడు ఆటలో పింగ్ పెరగడం: సమాధానం

అనంతపురంలోని మీ ఇంటి 40 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద తమ్ముడి ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ మొదలవగానే మీ ఆటలో పింగ్ (సర్వర్‌కు డేటా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) 30 నుంచి 400 మిల్లీసెకన్లకు చేరుతోందని, ప్లాన్ పెంచాలా అని అడిగారు. పెంచనవసరం లేదని నా అభిప్రాయం. ఆన్‌లైన్ ఆటకు సాధారణంగా ఒక ఎంబీపీఎస్ కూడా పట్టదు. అప్‌డేట్ లైనంతటినీ నింపేయడం వల్ల ఇంటర్నెట్ కంపెనీ వైపు డేటా బారులు తీరి, మీ ఆట తాలూకు చిన్న ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఆ వరుస చివర నిలబడవలసి వస్తోంది. ప్లాన్ 100కు పెంచినా అప్‌డేట్ దాన్నీ నింపగలదు.

ముందుగా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్ తెరిచి, విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, డెలివరీ ఆప్టిమైజేషన్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ వరుసగా నొక్కి, డౌన్‌లోడ్ పరిమితిని 15 ఎంబీపీఎస్‌గా పెట్టండి. డెలివరీ ఆప్టిమైజేషన్ పేజీలోనే ఇతర కంప్యూటర్లతో అప్‌డేట్లు పంచుకునే మీట ఉంటుంది. అది ఇంటర్నెట్‌లోని కంప్యూటర్లకు కూడా తెరిచి ఉంటే అప్‌లోడ్ కూడా ఖర్చవుతుంది కనుక ఆపివేయండి. ఆటలు దించుకునే మీ స్టీమ్ యాప్‌లోనూ డౌన్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టవచ్చు, ఆటల అప్‌డేట్లను తెల్లవారుజాముకు మార్చవచ్చు.

రౌటర్‌లో ఎస్‌క్యూఎం (డేటా వరుసను తెలివిగా నడిపే) సదుపాయం ఉంటే, డౌన్‌లోడ్‌ను 36కు, అప్‌లోడ్‌ను కూడా అసలు వేగంలో తొంభై శాతానికి కుదించండి. వేగం తగ్గిస్తే ఆట మెరుగుపడటమేమిటని కర్నూలులో మా ఇంట్లో నేనూ నమ్మక, కొత్త ల్యాన్ కేబుల్ కొని డబ్బు దండగ చేసుకున్నాను. అలా కుదిస్తే వరుస కట్టే పని కంపెనీ వైపు నుంచి మీ రౌటర్ చేతికి వస్తుంది, అది ఆట ప్యాకెట్లను ముందుకు పంపుతుంది. మార్పు తెలియడానికి అప్‌డేట్ నడుస్తుండగానే కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ చూడండి.