మావెన్‌లో గ్వావా తగవు: కంపైల్ అవుతుంది, నడిపితే నోసచ్‌మెథడ్ఎర్రర్

మీ జావా ప్రాజెక్టు మావెన్ (లైబ్రరీలు తెచ్చి కోడ్‌ని బిల్డ్ చేసే టూల్) మీద నడుస్తోంది. అందులో 'ఏ' అనే లైబ్రరీ నేరుగా గ్వావా (గూగుల్ వారి జావా లైబ్రరీ) 19ని తెస్తోంది. 'బీ' లైబ్రరీ తన కింద ఉన్న 'సీ' ద్వారా గ్వావా 32.1.3-జేఆర్‌ఈని అడుగుతోంది. బిల్డ్ సక్సెస్ అంటోంది కానీ, నడిపితే టుఇమ్యూటబుల్‌లిస్ట్ మెథడ్ లేదంటోంది (నోసచ్‌మెథడ్ఎర్రర్ అంటే ఇదే). 'ఏ'కి ఎక్స్‌క్లూజన్ (అది తెచ్చే గ్వావాని వద్దనే సెట్టింగ్) పెడితే ఎర్రర్ ఇంకోచోట తేలింది. ఇదే కదా మీ ప్రశ్న.

మావెన్ కొత్త వెర్షన్‌ని ఎంచుకుంటుందని చాలామంది అనుకుంటారు, అది గ్రేడిల్ (ఇంకో బిల్డ్ టూల్) పద్ధతి. మావెన్‌లో మీ పామ్‌కి (ప్రాజెక్టు సెట్టింగుల ఫైలు) ఏది దగ్గరైతే దానిదే గెలుపు. గ్వావా 19 రెండో మెట్టు మీద, 32 మూడో మెట్టు మీద ఉన్నాయి కాబట్టి పాతదే వచ్చి కూర్చుంది. మెట్టు సమానమైతే పామ్‌లో ముందు రాసిన డిపెండెన్సీది పైచేయి. అంటే రెండు డిపెండెన్సీల వరస మార్చినా ఫలితం మారిపోవచ్చు. ఇక కంపైలర్ చూసేది మీ కోడ్‌నే. 'సీ' ఎప్పుడో కంపైలై జార్‌గా (కంపైలైన క్లాసుల మూటగా) వచ్చింది, దాన్ని మళ్లీ ఎవరూ సరిచూడరు. ఆ లైను నడిచినప్పుడే జేవీఎం (జావా ప్రోగ్రాంని నడిపేది) మెథడ్ కోసం వెతుకుతుంది.

ముందు డిపెండెన్సీ ట్రీ (ఏ లైబ్రరీ దేన్ని తెస్తోందో చూపే జాబితా) తీయండి. ఆ కమాండ్‌కి వెర్బోస్ ఆప్షన్ పెట్టి, ఇంక్లూడ్స్‌లో గ్వావా ఒక్కటే ఇస్తే చాలు. వెర్బోస్ లేకపోతే గెలిచినదే కనిపిస్తుంది, ఓడినది కనిపించదు. డిపెండెన్సీ ప్లగిన్ 3.0, 3.1లలో వెర్బోస్ పనిచేయదు, 3.2.0 లేదా ఆ పైది వాడండి.

మామూలుగా దీనికి మందు పామ్‌లోని డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో ఒక్క వెర్షన్ రాసేయడం. ట్రీలో ఎంత లోతున ఉన్నా అదే వర్తిస్తుంది. ఎక్స్‌క్లూజన్లు చల్లుకుంటూ పోతే ఆరు నెలల తర్వాత ఏది ఎందుకు పెట్టామో ఎవరికీ తెలియదు. వెర్షన్ చివర జేఆర్‌ఈ తోక ఉన్నది వదిలేసి ఆండ్రాయిడ్ తోకది తీసుకోకండి, రెండింటి ఏపీఐ ఒకటి కాదు.

మీ కేసులో మాత్రం ఆ మందు పనిచేయదు. టుఇమ్యూటబుల్‌లిస్ట్ గ్వావా 21లో వచ్చింది. 'ఏ' పిలిచే ఆబ్జెక్ట్స్.టుస్ట్రింగ్‌హెల్పర్‌ని అదే 21లో తీసేశారు (18 నుంచే అది మోర్‌ఆబ్జెక్ట్స్‌లో ఉంది). ఇద్దరికీ నప్పే వెర్షన్ అసలు లేదు. ఎక్స్‌క్లూజన్ పెట్టాక ఎర్రర్ చోటు మారింది అందుకే.

'ఏ'కి కొత్త రిలీజ్ ఉంటే అదే వాడండి, పని అయిపోతుంది. లేకపోతే 'ఏ'ని, గ్వావా 19ని కలిపి విడి మాడ్యూల్‌లో షేడ్ ప్లగిన్‌తో (జార్‌లను కలిపే మావెన్ ప్లగిన్) ఒకే జార్ చేసి, కామ్.గూగుల్.కామన్ ప్యాకేజీని మీ సొంత పేరు కిందికి రీలొకేట్ చేయండి (పేరు మార్చండి), అప్పుడు రెండు గ్వావాలూ తగవు పడవు. ఆ జార్ ప్యాకేజ్ ఫేజ్‌లోనే తయారవుతుంది. ఒకే బిల్డ్‌లో టెస్ట్ ఫేజ్ వరకే నడిపితే పక్క మాడ్యూల్‌కి షేడ్ కానిదే అందుతుంది, పాత ఎర్రర్ మళ్లీ కనిపిస్తుంది. ఐడీఈలోనూ ఇదే తంటా, అందుకే ఈ మాడ్యూల్‌ని వేరే ప్రాజెక్టుగా ఉంచి రిపాజిటరీలోకి పంపడం మేలు.

గూగుల్-కలెక్షన్స్ జార్ కూడా ఎక్కడైనా నక్కి ఉందేమో చూడండి. గ్వావాకి పాత రూపం అది. క్లాసుల పేర్లు అవే, ఆర్టిఫాక్ట్ పేరు వేరు. మావెన్‌కి అది తగవులాగే కనిపించదు, రెండూ క్లాస్‌పాత్‌లోకి (క్లాసుల కోసం వెతికే చోట్ల జాబితా) వస్తాయి. దీనికి ఎక్స్‌క్లూజన్ తప్ప దారి లేదు. మళ్లీ దూరకుండా ఎన్‌ఫోర్సర్‌లో (బిల్డ్ నియమాలు చూసే మావెన్ ప్లగిన్) బ్యాన్డ్‌డిపెండెన్సీస్‌లో దాని పేరు రాసి, పక్కన రిక్వైర్‌అప్పర్‌బౌండ్‌డెప్స్ కూడా పెట్టండి. ఎవరైనా అడిగినదానికంటే పాత వెర్షన్ గెలిస్తే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. డిపెండెన్సీ‌కన్వర్జెన్స్ రూల్ (ఒకే లైబ్రరీకి వేర్వేరు వెర్షన్లు అడిగితే బిల్డ్ ఆపేది) జోలికి ఇప్పుడే పోకండి. పాత ప్రాజెక్టులో అది ఒకేసారి చాంతాడంత జాబితా మీద పడేస్తుంది.