తడి చేనులో పత్తి వాలిందంటే వేరుకు ఊపిరాడలేదని

ప్రశ్న: సార్, మాది ఆదిలాబాద్ జిల్లా. నల్లరేగడిలో అయిదెకరాల బీటీ పత్తి వేశాను. జూన్ వానలకు విత్తినది, ఏపుగా పెరిగింది, గూడ (మొగ్గ), పూత, కాయ బాగా పట్టింది. ఆగస్టులో దాదాపు మూడు వారాలు చినుకు లేదు, నేల నెర్రెలిచ్చింది. యూరియా వేసిన నాలుగో రోజు రాత్రి కుండపోత వాన. తెల్లారి ఎండ కాసింది. మధ్యాహ్నానికి పల్లం వైపు చెట్లు తలలు వాల్చేశాయి. ఒక చెట్టు వాలితే పక్క చెట్టు బాగానే ఉంది. మందుల దుకాణంలో అడిగితే ఎండు తెగులన్నారు. మొదళ్లలో పోయమని ఒక మందు, పైన కొట్టమని ఒక టానిక్ ఇచ్చారు. ఐదు రోజులైంది, తేడా లేదు. పక్క మడిలో వరి నెలల తరబడి నీళ్లలోనే ఉంటుంది కదా, పత్తికేమైంది? యూరియా వేడి చేసిందని ఊళ్లో అంటున్నారు, నిజమేనా? చేను దున్నేసి శనగ వేసుకోమంటారా?

జవాబు: దున్నే మాట చివర్లో మాట్లాడుకుందాం. ముందు వాలిన చెట్టు ఒకటి, దాని పక్కన నిలబడ్డ చెట్టు ఒకటి వేరుతో సహా పీకండి. మొదలు దగ్గర కత్తితో ఏటవాలుగా కోసి, కాండాన్ని నిలువునా చీల్చి చూడండి. రెండింటిలోనూ లోపలి కట్టె తెల్లగా, శుభ్రంగా ఉంటే అది తెగులు కాదు. గోధుమ రంగు, నల్ల చారలు కనిపిస్తేనే ఎండు తెగులు అనుకోవాలి. చెట్టు లాగీ లాగకముందే ఊడివచ్చి, వేరు బెరడు పీచుపీచుగా ఊడితే వేరుకుళ్లు. మీరు రాసిన తీరును బట్టి, కట్టె తెల్లగానే ఉంటుందని నా అంచనా. తెగులు ఇలా ఒక్క పూటలో చేనుమీద పడదు, రోజులు తీసుకుంటుంది. పైగా మన దేశంలో ఫ్యుజేరియం అనే శిలీంధ్రంతో వచ్చే ఎండు తెగులు ప్రధానంగా దేశవాళీ పత్తికి వచ్చేది. మీరు వేసిన బీటీ హైబ్రిడ్ అమెరికన్ పత్తి రకం. దుకాణంలో ఈ మాట చెప్పరు, చెబితే సీసా అమ్ముడుపోదు.

మీ చేనుకు వచ్చినదాన్ని మేము పారావిల్ట్ అంటాం, ఆకస్మిక వడలు అని కూడా అంటారు. దీనికి పురుగు, శిలీంధ్రం ఏదీ కారణం కాదు. ఎక్కువ రోజులు బెట్ట, మంచి ఎండ, ఆ తర్వాత ఒక్కసారిగా భారీ వాన లేదా నిండా తడి, మళ్లీ వెంటనే ఎండ: ఈ వరసలో వస్తుంది. 1970లో సూరత్ నుంచి హెచ్-4 విడుదలైంది, ప్రపంచంలో వాణిజ్యంగా సాగైన తొలి పత్తి హైబ్రిడ్ అదే. హైబ్రిడ్లు పెరిగాకే ఈ సమస్య ఎక్కువగా కనబడుతోంది. ఎందుకో కింద చెబుతాను.

వేరు కూడా ఊపిరి పీల్చుకుంటుంది. ఆకు చేసి పంపిన చక్కెరను ఆక్సిజన్‌తో కాల్చుకుని ఆ శక్తితోనే పోషకాలు లోపలికి తీసుకుంటుంది, నీళ్లు వచ్చే దారులు తెరిచి ఉంచుకుంటుంది. ఆ ఆక్సిజన్ మట్టి రేణువుల మధ్య సందుల్లోని గాలి నుంచి రావాలి. వాన నీరు సందుల్ని నింపేస్తే గాలి దారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ నీటిలో ప్రయాణించే వేగం గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు తక్కువ. ఆగస్టు నెలలో వెచ్చగా ఉన్న నేలలో వేర్లు, సూక్ష్మజీవులు కలిసి ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ ఒక రోజులో వాడేస్తాయి. ఆ తర్వాత వేరు ఆక్సిజన్ లేకుండానే చక్కెరను పులియబెట్టుకుని బతకాలి. మామూలుగా ఒక గ్లూకోజ్ అణువు నుంచి 30 దాకా శక్తి అణువులు వస్తాయి, పులియబెడితే వచ్చేవి 2. ఆ 2తో పెద్ద చెట్టును ఎంతసేపు నడుపుతుంది?

అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. శక్తి చాలక వేరు కణాల లోపల ఆమ్లత పెరుగుతుంది. వేరు కణాల చుట్టూ ఉండే పలుచని పొరలో నీళ్లు వచ్చే సన్నని ద్వారాలుంటాయి, వాటిని ఆక్వాపోరిన్లు అంటారు. ఆమ్లత పెరగ్గానే ఇవి మూసుకుంటాయి. ఫ్రాన్స్‌లోని మోంపెలియే శాస్త్రవేత్తలు 2003లో ఆరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద దీన్ని నిరూపించారు. అంటే మీ పత్తి మోకాలిలోతు తడిలో నిలబడి దాహంతో వాలింది. రాత్రి, మబ్బు ఉన్నంతసేపు ఆకు నుంచి నీళ్లు పెద్దగా పోవు కాబట్టి ఏమీ తెలియలేదు. తెల్లారి ఎండ కాయగానే ఆకు లాగడం మొదలుపెట్టింది, వేరు ఇవ్వలేకపోయింది. కొందరు రైతులు చెట్లు వాలాయి కదా అని బోరు వేసి మళ్లీ నీళ్లు పెడతారు. మీరు ఆ పని చేయలేదు, అదే మేలు.

పక్క చెట్టు ఎందుకు బాగుందని అడిగారు. కాయ తక్కువ, ఆకు తక్కువ ఉన్న చెట్టు తట్టుకుంటుంది, కాసిన్ని అంగుళాలు మెరకలో ఉన్నదీ తట్టుకుంటుంది. విరగకాసిన చెట్టులో ఆకు చేసిన చక్కెరంతా కాయలకే పోతుంది, వేరుకు మిగిలేది కొద్దే. మన హైబ్రిడ్లు తొందరగా, ఒకేసారి ఎక్కువ కాయ పట్టేవి కావడంతో ఎక్కువగా వాలేవి అవే. ఇక నల్లరేగడి సంగతి మీకు కొత్త కాదు. ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది, ఆ లాగుడుకు సన్న వేర్లు తెగిపోతాయి. వాన పడగానే ఉబ్బి, గాలి సందులు మూసుకుపోతాయి. బెట్టలో వేర్లు పోగొట్టుకున్న చెట్టుకు ముంపులో ఊపిరి ఆగింది. రెండు దెబ్బలూ ఒకే వారంలో పడ్డాయి.

ఈ రోజుల్లో మీ చేనులో గూడ, పిందె కూడా రాలుతూ ఉండాలి. దానికీ వేరే కారణముంది. ఆక్సిజన్ లేని వేరులో ఏసీసీ అనే పదార్థం పోగవుతుంది. అది ఇథిలీన్ వాయువుగా మారాలంటే ఆక్సిజన్ కావాలి, వేరు దగ్గర అది లేదు. కనుక ఏసీసీ రసంతో పాటు పైకి ఎక్కి, ఆకుల్లో ఆక్సిజన్ దొరకగానే ఇథిలీన్‌గా మారుతుంది. ఆకు కాడలు వంగడం, గూడ, పిందె రాలడం, కాయలు పచ్చివి పచ్చిగానే నోరు తెరవడం, ఇవన్నీ దాని పనే. రాలుడు అనగానే మా చదువుల్లో మొదట చెప్పేది అబ్సిసిక్ ఆమ్లం అనే మొక్క హార్మోన్. దాన్ని 1963లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లేత పత్తి కాయల నుంచే వేరు చేశారు. బెట్టలో ఆకు రంధ్రాలు మూయించేది కూడా ఆ ఆమ్లమే. కానీ కాయను రాల్చడంలో ముంపు రోజున పెద్ద చెయ్యి ఇథిలీన్‌దే.

వరి సంగతి. వరి కాండం నుంచి వేరు కొస దాకా గాలి గొట్టాలుంటాయి. ఆకు దగ్గరి గాలి వాటి గుండా వేరుకు చేరుతుంది, కాబట్టి మడిలో నీళ్లున్నా వేరు ఊపిరి పీల్చుకుంటుంది. పత్తికి అలాంటి ఏర్పాటు దాదాపు లేదు. అలాగని వరికి ముంపంటే భయం లేదనుకోకండి. ఆకు కొస కూడా మునిగితే అది కూడా చస్తుంది. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో తయారైన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, కి ఒడిశా దేశవాళీ వరి ఎఫ్‌ఆర్13ఏ నుంచి ముంపును తట్టుకునే సబ్1 జన్యువు ఎక్కించి, 2009లో స్వర్ణ సబ్1 విడుదల చేశారు. అది మొత్తం మునిగినా రెండు వారాల దాకా పెరుగుదల ఆపుకుని బతుకుతుంది. పత్తిలో ఇలాంటి రకం రైతుల చేతికి ఇంకా రాలేదు.

ఇక చేయాల్సిన పనులు. నీళ్లు ఇంకా నిలిచి ఉంటే పల్లం వైపు కాలువ తీసి ఈ రోజే బయటకు పంపండి. ఇది చేయకుండా మరేది చేసినా ఊపిరాడని మనిషికి అన్నం తినిపించినట్టే. పదును రాగానే, అంటే మట్టి పిడికిట్లో పట్టి వదిలితే పొడిగా రాలే దశలో, సాళ్ల మధ్య పైపైన గుంటక తోలండి. పై పొర పగిలి గాలి లోపలికి పోతుంది. లోతుగా మాత్రం తోలకండి, ఉన్న కొద్ది వేర్లూ తెగుతాయి. తడిమీద కూడా తోలకండి, నల్లరేగడి గడ్డలు కట్టి కాలు పెట్టనివ్వదు.

కోబాల్ట్ క్లోరైడ్ గురించి విని ఉంటారు. లీటరు నీటికి 10 మిల్లీగ్రాములు, అంటే 100 లీటర్లకు 1 గ్రాము కలిపి చెట్టంతా తడిచేలా కొట్టాలి. ఏసీసీ ఇథిలీన్‌గా మారే పనిని కోబాల్ట్ అడ్డుకుంటుంది, అందుకే పనిచేస్తుంది. అయితే చెట్టు వాలిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే కొట్టాలి, అదే రోజైతే మరీ మంచిది. మీకు ఐదు రోజులైంది. ఆకు ఎర్రబారి, పెళుసెక్కిన చెట్ల మీద ఇప్పుడు అది కొట్టడం డబ్బు పారబోసుకోవడమే. మరోసారి ఇలా జరిగితే ఉపయోగపడుతుంది, గుర్తుంచుకోండి. తూకం మాత్రం సరిగ్గా వేయాలి. చేతి అంచనాతో ఎక్కువ వేస్తే చెట్టును మనమే కాల్చినవాళ్లమవుతాం.

మీకిచ్చిన టానిక్ ఇక కొనకండి. దానికి బదులు లీటరు నీటికి 20 గ్రాముల యూరియా గాని, 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) గాని కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. నా ఓటు 13-0-45కే, కాయ ఉన్న చేనుకు పొటాష్ కూడా అందుతుంది. వేరు తిననప్పుడు ఆకు ద్వారా పెట్టడమే దారి. మొదళ్లలో మందు పోయడం అన్ని చెట్లకూ అక్కర్లేదు. కోసి చూసినప్పుడు బెరడు పీచుగా ఊడుతున్న చెట్ల చుట్టూ, నీళ్లు ఎక్కువ సేపు నిలిచిన మడుగుల్లో మాత్రం లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి వేరు తడిచేలా పోయండి.

యూరియా వేడి చేయలేదు. అలా చేసి ఉంటే అయిదెకరాలూ ఒకేలా వాలేవి, పల్లం ఒక్కటే కాదు. మీరు వేసిన యూరియాలో కొంత నీళ్లతో కొట్టుకుపోయింది. నైట్రేట్‌గా మారిన భాగంలో కొంతను గాలి లేని నేలలోని సూక్ష్మజీవులు వాయువుగా మార్చి పైకి వదిలేస్తాయి. కనుక కొద్ది రోజుల్లో చేను పసుపు తిరిగితే కంగారు పడకండి, అది ఆకలి. నేల బాగా ఆరాక ఎకరానికి 25 నుంచి 30 కిలోల యూరియా, 10 నుంచి 15 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చెట్టుకు జానెడు దూరంలో గుంట తీసి వేసి మట్టి కప్పండి. నేల తడిగా ఉండగా మాత్రం వద్దు.

వచ్చే ఏడాదికి పల్లం ముక్కలో బోదెలు తోలి బోదె మీద విత్తండి. మిగతా చేనులో నాలుగైదు సాళ్లకు ఒక కాలువ తీసినా చాలు, వాలుకు అడ్డంగా కాకుండా నీళ్లు బయటకు నడిచేలా చూసుకోండి. బోరు ఉంటే బెట్ట రోజుల్లో నెర్రెలు వచ్చేదాకా ఆగకుండా, సాలు విడిచి సాలు పలచగా తడి ఇవ్వండి. నెర్రె పడనివ్వకపోతే సగం ప్రమాదం తప్పినట్టే.

శనగ మాట. ఇప్పుడు దున్నకండి. వాలిన చెట్లలో కొన్ని పది, పదిహేను రోజుల్లో కణుపుల దగ్గర కొత్త చిగురు వేస్తాయి. కాయ తక్కువే వస్తుంది, కానీ ఆ కొద్దికి మళ్లీ దుక్కి, విత్తనం ఖర్చు ఉండదు. శనగ విత్తేది ఎలాగూ అక్టోబరులో. అప్పటికి పల్లం ముక్కలో సగానికి పైగా చెట్లు చచ్చిపోయి ఉంటే ఆ ముక్క ఒక్కటి దున్ని శనగ వేసుకోండి, మెరక చేనును మాత్రం కదపకండి. అన్నట్టు, కోసి చూసిన కాండం ఫొటో ఒకటి పంపండి. చార కనిపిస్తే నేను చెప్పినదాంట్లో సగం మార్చాల్సి ఉంటుంది.