జైల్లో ఉన్నవాళ్లకు డిగ్రీ చదువు దేనికి?

"నేరం చేసినవాడికి ఉచితంగా డిగ్రీ, ఏ తప్పూ చేయని పేద పిల్లాడికి ఫీజుల టెన్షన్, ఇదేం న్యాయం?" అని మీలో ఒకరు అడిగారు. ఆ పిల్లాడి గురించి మీ బాధ సరైనదే. కానీ ఖైదీ చదువు ఆపేస్తే ఆ పిల్లాడి ఫీజు తీరదు. ఓపెన్ యూనివర్సిటీ తరఫున ఒక సెంట్రల్ జైల్లో కొంతకాలం ఆదివారం క్లాసులు చెప్పాను, అక్కడ చూసిందే రాస్తున్నాను.

కొత్తగా పెట్టే ఖర్చు తక్కువ. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో ఖైదీల దగ్గర ఫీజు తీసుకోదు. 1982లో మొదలైన మన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి చర్లపల్లి లాంటి జైళ్లలో అధ్యయన కేంద్రాలున్నాయి. బయటివాళ్లు చదివే తెలుగు పుస్తకాలే లోపలా చదువుతారు.

నా క్లాసులో జీవిత ఖైదు పడిన ఒకాయన ఉండేవారు. పదో తరగతి, ఇంటర్ ఓపెన్ స్కూల్లో కట్టి బీఏలో చేరారు. ఏళ్ల తరబడి పెట్టెలో దాచుకున్న తన హైకోర్టు తీర్పు కాపీని డిక్షనరీ పక్కన పెట్టుకుని మొదటిసారి తనే చదివారు. తనకు శిక్ష ఎందుకు పడిందో అంతవరకూ లాయరు నోటి మాటగానే తెలుసు. తర్వాత బ్యారక్‌లో మిగతావాళ్లు ఛార్జిషీట్లు, బెయిల్ కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ములాఖత్‌కు వచ్చిన కూతురితో కేసు గురించి కాకుండా పరీక్షల గురించి మాట్లాడేవారు. నా దృష్టిలో ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ చదువు వృథా కాలేదు.

బయటి సమాజానికీ లాభమే. అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2013లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, లోపల చదువుకున్నవాళ్లు మళ్లీ నేరాల్లో పడే అవకాశాలు 43 శాతం తక్కువగా కనిపించాయి. చదవాలన్న పట్టుదల ఉన్నవాళ్లే చేరతారు కాబట్టి ఆ ఘనతంతా చదువుదే అనను. అయినా తీసిపారేసే తేడా కాదు.

నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. 2022 లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో నాలుగింట మూడొంతులు విచారణ ఖైదీలే. వాళ్లు చేరతారు, బెయిల్ వస్తుంది, పుస్తకాలు బ్యారక్‌లోనే వదిలేసి వెళ్లిపోతారు. బయట వేరే కేంద్రానికి మార్చుకుని అదే అడ్మిషన్‌తో కొనసాగవచ్చని చాలామందికి ఎవరూ చెప్పరు. విడుదల రోజు ఇచ్చే కాగితాలతో పాటు అడ్మిషన్ నంబరు, దగ్గరి అధ్యయన కేంద్రం అడ్రసు రాసి చేతిలో పెడితే చాలు. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.